వెనక బెంచీలో అక్క

నేను బేకరీలో పని చేస్తాను. ఇరవై రెండేళ్లుగా పిండి పిసుకుతున్న చేతులివి. ఎంత తోమినా వేళ్ల సందుల్లోంచి ఆ పులిసిన వాసన పోదు. మా ఆయన లారీ డ్రైవరు. పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చి, "నీ పక్కన పడుకుంటే ఆకలేస్తుందే" అనేవాడు. నవ్వొచ్చేది. అవన్నీ పాప ఉన్నప్పటి మాటలు.

మా చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ప్రభువు చనిపోయే ముందు శిష్యులతో కలిసి చేసిన ఆఖరి భోజనాన్ని తలుచుకుంటూ, ఒకే రొట్టెలోంచి అందరం తలా ఒక ముక్క, చిన్న గ్లాసులో కాస్త ద్రాక్షరసం తీసుకుంటాం. ఆ రొట్టె నేనే కాల్చి తీసుకెళ్తాను. నన్నెవరూ అడగలేదు, వద్దని కూడా అనలేదు. అలా అలవాటైపోయింది.

బల్ల దగ్గరికి రావడానికి ఒక షరతుంది. మనసులో ఎవరి మీదైనా కక్ష పెట్టుకుని ఆ రొట్టె ముట్టుకోకూడదు. ముందు వెళ్లి వాళ్లతో సమాధానపడాలి, అంటే రాజీ కావాలి. ఆ షరతు నేను తొమ్మిదేళ్లు తప్పాను. నెలనెలా తప్పాను. నా చేత్తో కాల్చిన రొట్టెనే నోట్లో పెట్టుకుని మరీ తప్పాను.

కక్ష ఎవరి మీదో కాదు. మా అక్క మీదే.

మాకు చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయారు. నన్ను పెంచింది అక్క, పెళ్లి చేసింది అక్క. ఆసుపత్రిలో నర్సు తను. పిల్లల్లేరు. నాకు పాప పుట్టినప్పుడు ముందుగా చేతుల్లోకి తీసుకున్నది తనే, మొదటి చెప్పుల జత కొన్నది తనే. పాపకి నాకంటే పెద్దమ్మ దగ్గరే చనువెక్కువ. నా మీద అలిగితే చెప్పులేసుకుని, "పెద్దమ్మ ఇంటికెళ్లిపోతా" అని గుమ్మంలో నిలబడేది. నాలుగేళ్లు దానికి.

ఆ రోజు మూడంతస్తుల పెళ్లి కేకు సాయంత్రానికల్లా ఇచ్చేయాలి. నాతో పనిచేసే ఆవిడ రాలేదు. పాపని తీసుకుని అక్క ఇంటికి పరిగెత్తాను. అక్క రెండు రాత్రులు వరసగా డ్యూటీ చేసి అప్పుడే ఇంటికొచ్చింది. ఇంకా యూనిఫాం కూడా మార్చుకోలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మూడు గంటలు చూడక్కా" అన్నాను.

"చూస్తాలే. నువ్వెళ్లు చిన్నీ" అంది. నన్ను చిన్ననాటి నుంచీ అలాగే పిలిచేది.

ఆ ఎర్రటి కళ్లు నేను చూశాను. చూసే వెళ్లాను.

పాపని పక్కలో పడుకోబెట్టుకుని కథ చెప్తూ అక్క నిద్రపోయింది. లేచేసరికి పక్క ఖాళీ. వెనక తలుపు తీసి ఉంది. పెరట్లో నీళ్ల సంపు మూత పక్కకి జరిగి ఉంది. ఆ ఇనప మూత కదపాలంటే మా బావకే రెండు చేతులూ కావాలి. నీళ్ల ట్యాంకరు అతను మూయడం మరిచిపోయాడన్నారు అందరూ. మూశానని అతను తన పిల్లల మీద ఒట్టేశాడు. ఎవరూ నమ్మలేదు. నాకైతే మూత గురించి ఆలోచించే ఓపిక కూడా లేదు. ఆ నేరం మోయడానికి నాకొక మనిషి కావాలి. అక్క కనపడింది.

నలభై రోజుల తర్వాత పాస్టరుగారు మా ఇద్దరినీ ఆరాధనలో ముందుకు పిలిచారు. మా పాస్టరుగారు మంచి మనిషి. ఆయనకి ప్రసంగం మొదలెట్టడం తెలుసుగానీ ఆపడం తెలియదు, అదొక్కటే లోపం. ఆ రోజు మాత్రం రెండే మాటలు అన్నారు. "అమ్మా, మీరిద్దరూ సమాధానపడండి. ప్రభువు ముందు."

అక్క నా కాళ్ల మీద పడింది. నేను లేపాను. "క్షమించాను" అన్నాను, అందరికీ వినపడేలా. అక్కని కావిలించుకున్నాను. చర్చంతా ఏడుస్తోంది. అప్పుడు అక్క చెవిలో, తన ఒక్కదానికే వినపడేలా అన్నాను.

"ఇది వీళ్ల కోసం అన్నాను. నువ్వు చచ్చేదాకా నిన్ను క్షమించను."

నా చేతుల్లో అక్క ఒళ్లు చల్లబడిపోవడం నాకు తెలిసింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లూ పాస్టరుగారు క్షమాపణ గురించి చెప్పినప్పుడల్లా మా ఇద్దరి పేరే ఎత్తేవారు. "మన మధ్యే ఉన్నారు ఆ అక్కచెల్లెళ్లు" అనేవారు. అందరూ వెనక్కి తిరిగి అక్కని చూసి నవ్వేవాళ్లు. అక్క తల వంచుకునేది. అప్పటిదాకా నా పక్కనే కూర్చునే మనిషి, ఆ రోజు నుంచీ ఆఖరి బెంచీలో గోడవారకి మారిపోయింది. బల్ల సమయానికి దగ్గొచ్చినట్టు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని బయటికెళ్లిపోయేది. ఒక్కసారి కూడా రొట్టె ముట్టుకోలేదు. ఎందుకో నాకొక్కదానికే తెలుసు. నేను క్షమించలేదు కాబట్టి తనకి ఆ అర్హత లేదనుకుంది. నేను మాత్రం దర్జాగా వెళ్లి మోకాళ్లూని తినొచ్చేదాన్ని.

ఉత్తుత్తి దగ్గు కాస్తా చివరి రెండేళ్లలో నిజం దగ్గయింది. ఊపిరితిత్తులు పాడైపోయాయన్నారు. ఈ వానాకాలం మొదట్లో అక్క మంచం పట్టింది.

బల్ల ఆదివారానికి ముందు రోజు, శనివారం పొద్దున, బావ ఫోన్ చేశాడు.

"అక్క నిన్ను చూడాలంటోందమ్మా. ఒకసారి వచ్చి పో."

"పనుంది బావా. సాయంత్రం చూస్తాను" అన్నాను.

 బావ ఫోన్ పెట్టేశాడు.

నిజానికి మూడింటికే పనైపోయింది. అయినా అక్క ఇంటి వైపు కాళ్లు పోలేదు. రొట్టె గుడ్డలో చుట్టుకుని, బల్ల సర్దే వంకతో చర్చికి వెళ్లాను.

సన్నగా మొదలైన వాన నేను గుమ్మం తెరిచేసరికి దంచి కొట్టడం మొదలెట్టింది. రేకుల కప్పు మీద ఆ మోత... పక్కన మనిషి అరిచినా వినపడదు. కరెంటు లేదు. రంగు అద్దాల కిటికీల్లోంచి వచ్చే వెలుతురు బురదనీళ్లలా ఉంది. తడిసిన చెక్క వాసన, ఆరిపోయిన కొవ్వొత్తుల వాసన. నాకు అలవాటైన వాసనలే. పక్కగదిలోంచి తెల్లగుడ్డ తెచ్చి బల్ల మీద పరిచాను. మడతలు అరచేత్తో సాపు చేశాను. పళ్లెం పెట్టాను. చిన్న గ్లాసులు ఒక్కొక్కటే తుడిచి ట్రేలో పేరుస్తున్నాను.

వాన ఒక్కసారిగా తగ్గింది.

ఆ నిశ్శబ్దంలో వినపడింది దగ్గు.

నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, బయటికి వినపడకుండా నొక్కిపెట్టే దగ్గు. తొమ్మిదేళ్లుగా నా వీపు వెనక విన్నదే. ఎక్కడున్నా పోల్చుకోగలను.

తిరిగి చూశాను. ఆఖరి బెంచీలో, గోడవారన, తెల్ల శాలువా తల మీంచి కప్పుకుని ఎవరో కూర్చున్నారు. ఆసుపత్రి స్పిరిటు వాసన సన్నగా నా దాకా వచ్చింది. అక్క చేతుల వాసన.

"అక్కా?"

"ఊఁ."

"ఈ వానలో ఎలా వచ్చావు? బావ ఏడీ?"

 నేను గ్లాసు కింద పెట్టి రెండడుగులు వేశాను.

"రాకు" అంది. "అక్కడే ఉండు. బల్ల దగ్గరే ఉండు."

గొంతు అక్కదే. కాస్త బొంగురుపోయింది, అంతే. నేను ఆగిపోయాను. నా మొహం చూడలేక రావద్దంటోందనుకున్నాను. నాకూ అదే నయమనిపించింది.

"నన్ను క్షమించమని అడగడానికొచ్చాను" అంది.

నేను మళ్లీ గ్లాసు అందుకున్నాను. తుడిచిందే తుడుస్తున్నాను. వానకి తడిసొచ్చి, చావుబతుకుల్లో ఉండి, ఇంకా అదే మాట. నాలో పాత కోపం లేవబోయింది. లేచి, సగంలో కూలబడింది. ఎందుకో తెలియదు. అలసిపోయాననుకుంటా. తొమ్మిదేళ్లపాటు ఒక మనిషిని అసహ్యించుకోవడం పిండి బస్తా దించకుండా మోయడం లాంటిది. భుజం ఎప్పుడు తిమ్మిరెక్కిపోయిందో కూడా తెలియదు.

"ఆ మాట వెనక్కి తీసుకో, చెల్లీ."

నాకు ఏడుపొచ్చింది. ఎర్రటి కళ్లు గుర్తొచ్చాయి. ఆ కళ్లు చూసి కూడా కేకు కోసం వెళ్లిన నేను గుర్తొచ్చాను. తొమ్మిదేళ్లూ అక్క మీద వేసిన నేరంలో సగం నాదేనని నాకు తెలుసు. తెలుసు కాబట్టే అంత గట్టిగా పట్టుకున్నాను.

"క్షమించాను" అన్నాను.

"వినపడేలా అను."

"క్షమించానక్కా."

"పూర్తిగా?"

"పూర్తిగా."

"ఏం జరిగి ఉన్నా?"

"ఏం జరిగి ఉన్నా. ఇంకేం అడగకు. ఇంటికెళ్దాం పద."

 చూరు నీళ్లు చుక్కచుక్కగా పడుతున్న చప్పుడు.

"నేను ఆ రోజు నిద్రపోలేదు" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఏంటి?"

"నిద్రపోలేదు. పిలిచాను. వచ్చింది. చెయ్యి పట్టుకుంది..." అని ఆగింది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో నవ్వులాంటిదేదో ఉంది. "ఎంత తేలికో."

నా చేతిలో గ్లాసు ఎప్పుడు పడిందో తెలియదు. పగిలిన చప్పుడు మాత్రం విన్నాను.

"మూత నేనే తీశాను" అంది.

"అక్కా... ఏం మాట్లాడుతున్నావు?"

"అన్నమాట అనేశావు. బల్ల ముందు నిలబడి అన్నావు. ఇక వెనక్కి పోదు."

బెంచీ కిర్రుమంది. లేచింది. అప్పుడు గమనించాను... నేను క్షమించానన్నప్పటి నుంచీ అది ఒక్కసారి కూడా దగ్గలేదు.

గోడవారగా నడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది. తల వంచి బయటికి దాటింది.

మా చర్చి గుమ్మం చాలా ఎత్తు. భుజాల మీద శవపెట్టె మోసుకొచ్చేవాళ్లు కూడా నిటారుగా నడిచి లోపలికి రావచ్చు. మా అక్క నా భుజం దాకా వస్తుంది.

ఈ గుమ్మం సంగతి తర్వాత తట్టింది. అప్పుడు నా తలలో ఒక్కటే మాట తిరుగుతోంది. నిద్రపోలేదు. పిలిచాను. మూత తీశాను. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. వీధిలో ఎవరూ లేరు. ఆ చివర నుంచి ఈ చివర దాకా నీళ్లే. అక్క ఇంటికి పది నిమిషాల నడక. ఎలా వెళ్లానో నాకు తెలియదు. తలుపు బాదాను.

బావ తీశాడు. చేతిలో తడిగుడ్డ ఉంది.

"వచ్చావా తల్లీ" అన్నాడు.

"అక్క ఎప్పుడొచ్చింది?"

"ఎక్కణ్నించి?"

"చర్చి నుంచి బావా! ఇప్పుడే..."

బావ నన్ను వింతగా చూశాడు. పక్కకి జరిగి గది చూపించాడు.

అక్క మంచం మీద ఉంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. నేను చూసి మూడు వారాలైంది. మూడు వారాల్లో మనిషి పిడికెడయిపోయింది. దుప్పటి కింద ఒళ్లుందో లేదో తెలియడం లేదు. పాదాలు పొడిగా, తెల్లగా, కొవ్వొత్తుల్లా ఉన్నాయి.

"పన్నెండు రోజులైంది తనంతట తాను పక్కకి ఒత్తిగిలి" అన్నాడు బావ మెల్లగా. "మధ్యాహ్నం నుంచీ నేను ఈ కుర్చీ దిగలేదు. ఏమైందమ్మా నీకు? కాలికి రక్తమొస్తోంది."

గాజుపెంకు గుచ్చుకుంది కాబోలు. అప్పటిదాకా నొప్పి తెలియలేదు.

అక్క కళ్లు తెరిచింది.

"చిన్నీ" అంది.

ఆ ఒక్క పిలుపుతో గుర్తొచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగాక అక్క నన్ను ఎప్పుడూ 'చెల్లీ' అని పిలవలేదు. చర్చిలో పిలిచింది అదే మాటతో. నేను పట్టించుకోలేదు.

బావని బయటికి వెళ్లమంది అక్క సైగతో. నేను మంచం పక్కన కూలబడ్డాను. తన చెయ్యి నా తల మీద పెట్టింది. బరువే లేదు దానికి.

"నేను నిద్రపోయాను చిన్నీ. నిజంగా నిద్రపోయాను."

"తెలుసక్కా."

"ఒకటి చెప్పాలి. మీ బావకి కూడా చెప్పలేదు. పిచ్చిదంటారని." ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటోంది. "నిద్రలో నా గొంతు వినపడింది."

"నీ గొంతా?"

"నాదే. పెరట్లోంచి. పాపని పిలుస్తోంది. 'రామ్మా, పెద్దమ్మ దగ్గరికి రా' అని. నేను మంచం మీదే ఉన్నాను. నా నోరు మూసే ఉంది. లేవాలని చూశాను. కాలూ చెయ్యీ కదల్లేదు. పాప మంచం దిగింది. దిగి..."

దగ్గొచ్చింది. గుడ్డ అందించాను. చాలాసేపు పట్టింది సర్దుకోవడానికి.

"దిగి, ఒకసారి నా వైపు చూసింది. ఇక్కడ పడుకుని, అక్కణ్నించి పిలుస్తావేంటి పెద్దమ్మా అన్నట్టు చూసింది. తర్వాత వెళ్లింది. నా గొంతే కదా. నా గొంతు పిలిస్తే రాకుండా ఎలా ఉంటుంది?"

 అక్క మొహం కేసి చూస్తూ ఉండిపోయాను. తొమ్మిదేళ్లు. ఇది మనసులో పెట్టుకుని, పైన నా మాట మోస్తూ, ఆఖరి బెంచీలో తల వంచుకుని కూర్చుంది ఈ మనిషి. ఒక్కసారైనా "నా మాట విను" అనలేదు. అన్నా నేను వినేదాన్ని కాదు.

చర్చిలో జరిగింది అక్కకి చెప్పలేదు. ఎలా చెప్పను? చచ్చిపోతున్న మనిషికి, నీ గొంతు ఇంకా తిరుగుతోందని చెప్పనా?

"అక్కా, ఆ రోజు నీ కళ్లు నేను చూశాను" అన్నాను. "ఎర్రగా ఉన్నాయి. చూసి కూడా వదిలేసి వెళ్లాను. నువ్వే నన్ను క్షమించాలి."

"నేను మాత్రం వద్దన్నానా? పిల్ల కనపడితే నాకు నిద్ర గుర్తుంటుందా?" అని నవ్వబోయింది. "ఆ మాట తీసేస్తావా చిన్నీ? చచ్చేదాకా అన్నావు. నాకు టైము లేదు."

"తీసేశాను. అసలు అనాల్సిన మాటే కాదది. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదక్కా. ఏ తప్పూ చెయ్యలేదు."

అక్క కళ్లు మూసుకుంది. కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడిచాను. "రొట్టె తినాలనుంది" అంది.

పాస్టరుగారికి ఫోన్ చేశాను. మళ్లీ మొదలైన వానలో, స్కూటరు మీద, నేను చర్చిలో వదిలేసి వచ్చిన రొట్టే తీసుకుని వచ్చారు. వరండాలో నిలబెట్టి ఆయనకి ఆ రోజు అక్క చెవిలో నేనన్న మాట చెప్పాను. ఆయన గుమ్మానికి ఆనుకున్నారు.

"అయితే తొమ్మిదేళ్లుగా నేను మీ గురించి అబద్ధం చెప్పానన్నమాట" అన్నారు. కోపంగా కాదు. చాలా అలసటగా. "నేనూ అడగలేదులెండి. మీ అక్కగారు బల్ల దగ్గరికి ఎందుకు రావడం లేదని ఒక్కసారీ అడగలేదు. ప్రసంగంలో చెప్పుకోవడానికి నాకొక సాక్ష్యం కావాలి, దొరికింది."

అక్క రొట్టె ముక్కని చాలాసేపు నాలుక మీదే ఉంచుకుంది. ద్రాక్షరసం చెంచాతో పోశాను. మింగింది. "ఇంకాస్త ఉప్పు పడాలే" అంది. నా రొట్టె గురించి, పాప ఉన్న రోజుల్లో, తను ఎప్పుడూ అనే మాటే. బావ నవ్వాడు, ఏడ్చాడు. దీపాలు పెట్టే వేళకి, నా ఒడిలో తల పెట్టుకుని, అక్క పోయింది.

చివరగా నాతో అన్న మాట, "రేపు నువ్వు బల్ల దగ్గరికి వెళ్లు. మానొద్దు."

ఖననం సోమవారం పెట్టుకున్నారు. ఆదివారం నేను వెళ్లాను. కాలికి కట్టుతో, రాత్రంతా ఏడ్చిన మొహంతో వెళ్లాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి నిజంగా వెళ్లాను. బల్ల ముందు వరసగా మోకాళ్లూనాం. నేను చివరన. నా ఎడమ పక్క చోటు ఖాళీ. అక్కని తలుచుకుని కళ్లు మూసుకున్నాను.

పాస్టరుగారి అడుగులు దగ్గరికొచ్చాయి. నా చేతిలో ముక్క పెట్టారు. తిన్నాను. అడుగులు వెనక్కి తిరగాలి. తిరగలేదు. ఎడమ వైపు ఇంకొక అడుగు వేశాయి. ఆగాయి.

పక్కనుంచి నమిలే చప్పుడు వినపడింది. నెమ్మదిగా. చాలా ఆకలిగా.

నేను కళ్లు తెరవలేదు. తెరవాల్సింది. తెరవలేకపోయాను.

అందరూ వెళ్లిపోయాక పాస్టరుగారిని పట్టుకున్నాను.

"నా పక్కన ఎవరికిచ్చారండీ?"

"మీ బంధువు కదమ్మా?" అన్నారు ఆయన ఆశ్చర్యంగా. "శాలువా కప్పుకున్నావిడ. అచ్చం మీ అక్కగారి గొంతే. నేను కొత్తవాళ్లకి ఊరికే ఇవ్వనని మీకు తెలుసుగా. ఆరాధనకి ముందే గుమ్మం దగ్గర అడిగాను. ఎవరితోనైనా సమాధానపడాల్సింది ఉందా అమ్మా అని. నిన్ననే పడ్డానంది. మిమ్మల్ని చూపించింది."



"ఇంకేమైనా అందా?"

"ఏముంది, వెళ్తూ వెళ్తూ ఒకటి అడిగింది. సండే స్కూలు పిల్లలు ఏ గదిలో కూర్చుంటారని."

నాలుగు నెలలైంది. ప్రతి ఆదివారం పిల్లల గది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. లోపలికి వెళ్లే ప్రతి మనిషినీ చూస్తాను. ప్రతి పిల్లనీ లెక్క పెడతాను. పాపని తలుచుకుని పిల్లల దగ్గర కూర్చుంటున్నానని అందరూ అనుకుంటున్నారు. పాస్టరుగారు మళ్లీ నా గురించి ప్రసంగంలో చెప్పడం మొదలుపెట్టారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు నేను ఏం చేశానో చెప్పాలి. నా బిడ్డని తీసుకుపోయిన దానికి, బల్ల ముందు నిలబడి, పూర్తిగా, ఏం జరిగి ఉన్నా సరే అని క్షమాపణ ఇచ్చాను. అది వెనక్కి తీసుకోవచ్చా? ఎవరిని అడగాలి?

పోయిన ఆదివారం పాఠం చెప్పే అమ్మాయికి జ్వరమొచ్చి రాలేదు. పిల్లలకి రంగులేసే కాగితాలిచ్చి కూర్చోబెట్టాను. తొమ్మిది మంది. గదికి ఒకటే గుమ్మం, అందులో నేనున్నాను. కిటికీలకి కమ్మీలున్నాయి. అటు పెద్దవాళ్ల ఆరాధనలో పాట మొదలైంది. నేను తలుపు దగ్గరగా వేసి, పాట వింటూ కూర్చున్నాను. ఒక్క పాట సేపు. అంతే.

తలుపు సందులోంచి ఐదేళ్ల పిల్ల ఒకతి బయటికొచ్చి నా కొంగు పట్టుకుంది.

"ఆంటీ, లోపలున్న ఆవిడ అందర్నీ కళ్లు మూసుకోమంది. నేను మూసుకోలేదు."

తలుపు తోశాను.

పెద్దవాళ్లెవరూ లేరు లోపల. ఎనిమిది మంది పిల్లలు చాప మీద వరసగా కూర్చుని, రెండు చేతులతో కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు. రంగు పెన్సిళ్లు కింద దొర్లుతున్నాయి. ఒక్కరూ కదలడం లేదు.

"లేవండమ్మా" అన్నాను. "కళ్లు తెరవండి. నేనే, బేకరీ ఆంటీని."

ఎవరూ చేతులు తియ్యలేదు. చివర కూర్చున్న పిల్లాడు మాత్రం, కళ్లు మూసుకునే, నా వైపు కాకుండా గది మూల వైపు మొహం తిప్పాడు. పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"ష్... ఇంకా తెరవమనలేదు."